కొల్లేట్లో దొరికిన బండి

మా ఆయన పోయిన రెండు నెలలకు, ఆయన నడిపిన మోటారు సైకిలు ఎడ్లబండి మీద ఇంటికి వచ్చింది.

అది ముప్పై ఆరో సంవత్సరం, క్రిస్మసుకు ముందు. కొల్లేట్లో నీళ్లు తీస్తున్నాయి. మాదేపల్లి అవతల గట్టుకు గండి పడిన చోట వలలు వేసుకుంటున్నవాళ్ల కాళ్లకు ఇనుము తగిలిందట. నలుగురూ పట్టి లాగితే ముందు హ్యాండిలు పైకి వచ్చిందట. కబురందగానే మా మావయ్యగారు నిత్యానందం గారు బండి కట్టించుకుని వెళ్లి, దాన్ని వరిగడ్డి మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఏలూరు బజార్లో జనం ఆగి చూశారు. ఆయన మాత్రం ఎవరి మొహమూ చూడకుండా ఎడ్ల పక్కన నడిచి వచ్చారు.

నిజానికి ఆ మోటారు సైకిలు మాది కాదు, మిషను ఆసుపత్రిది. మా ఆయన యోబు అక్కడ కాంపౌండరు. బదిలీ అయి వెళ్లిపోతున్న కాలవల ఇంజనీరు దగ్గర డాక్టరు దొరసానిగారు పల్లెల్లో వైద్యం కోసమని దాన్ని కొన్నారు. మా ఆయన నేర్చుకున్నారు. వెనకాల మందుల పెట్టె కట్టుకుని గట్టు చివరిదాకా దాని మీద వెళ్లి, అక్కణ్ణుంచి తాటిదోనెలో లంకలకు దాటేవారు.

ఆ అక్టోబరులో వాన పట్టుకుంది. తమ్మిలేరు పొంగింది. లంకలో ఎవరికో కాన్పు కష్టమై ఉందని, మనిషి దక్కేలా లేదని ఆసుపత్రికి కబురొచ్చింది. ఆ వానలో నర్సమ్మను పంపడం కుదరక, ఇంజక్షనూ మందులూ ఇచ్చి మా ఆయన్ను పంపారు. మధ్యాహ్నం అన్నం తిని బయల్దేరారు. ఆరోజు మా పాప సుశీలకు జ్వరం. రెండేళ్ల పిల్ల, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఇవాళ్టికి మానేయకూడదా అని అడిగాను.

"తడిగుడ్డ వేస్తూ ఉండు. చీకటి పడేలోగా వచ్చేస్తాను" అన్నారు.

ఆ రాత్రే గట్టుకు గండి పడింది. తర్వాత నాలుగు రోజులకు ఆయన్ను కిక్కిస గడ్డిలోంచి తీసి తెచ్చారు.

ఊళ్లో ఒక మాట పుట్టింది. గండి చూసుకోకుండా దూకుడుగా తోలి, బండితో సహా నీళ్లలో పడ్డాడని. ఇంకొన్నాళ్లకు దానికి కల్లు వాసన కూడా చేరింది. మా ఆయన ఏనాడూ కల్లు ముట్టిన మనిషి కాదు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదుగాని, ఒక ఆదివారం గుళ్లో పాస్టరుగారు యౌవనుల తొందరపాటు గురించి ప్రసంగం చేశారు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. సంఘపెద్దగా ఎప్పుడూ ముందు బల్ల మీద కూర్చునే మావయ్యగారు, ఆ తర్వాతి ఆదివారం నుంచి తలుపు దగ్గర చాప మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం ఆ మాటల్లో ఒకటి ఓదార్పుగా ఉండేది. దూకుడుగా తోలాడు అన్నది. చూడవలసిన మనిషిని చూసేసి ఆయన తిరిగి వస్తున్నారని, పాప జ్వరం గుర్తొచ్చి తొందరపడ్డారని నేను అనుకున్నాను. మా దగ్గరికి వస్తూనే పోయారు. దెబ్బ తగిలి, తెలిసేలోపే అయిపోయి ఉంటుంది. రోజూ పడుకోబోయే ముందు ఈ నాలుగు ముక్కలూ చెప్పుకునేదాన్ని.

మావయ్యగారిది రంగుల పని. జట్కాలకు, తలుపులకు, గుడి బల్లలకు రంగులు వేసేవారు. బండిని వసారాలో దింపించి, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. బురద గట్టిపడి అదొక దుక్కిటెద్దు కళేబరంలా ఉంది. ఆసుపత్రి వాళ్లు దాన్ని పాత ఇనుముకు వేసేయమన్నారట.

"వేసేయడానికి వీల్లేదు" అన్నారు మా అత్తయ్య మార్తమ్మ గారితో. "వాడు ఎలా తీసుకెళ్లాడో అలా దొరసానిగారికి అప్పజెప్పాలి. మిషను సొత్తు పాడుచేశాడన్న మాట కూడా ఉండకూడదు వాడి మీద."

 ఆ రోజు నుంచి అత్తయ్య వసారా తొక్కడం మానేసి, నూతికి వెళ్లాలన్నా వీధిలోకి వెళ్లాలన్నా పెరటి దారిన తిరిగి వెళ్లేవారు.

బస్సుల షెడ్డులో పనిచేసే హుస్సేన్ గారు శుక్రవారం నమాజు అయ్యాక వచ్చేవారు. మా ఆయనకు బండి నేర్పింది ఆయనే. కబుర్లు తక్కువ. వచ్చి, కిరసనాయిలు పోసి నానబెట్టి, ఒక్కొక్క మరా ఓపిగ్గా విప్పి, సిలిండరు ఒక చోట, గేర్ల పెట్టె ఒక చోట, గొట్టాలు ఒక చోట చాప మీద పేర్చి వెళ్లేవారు. మిగిలిన వారమంతా మావయ్యగారు వాటిని గోకి, కడిగి, ఎండబెట్టి రంగు వేయాలి.

కొడుకు పోయాక మావయ్యగారి చేతులు వణకడం మొదలుపెట్టాయి. పెద్ద ముక్కలకు ఫర్వాలేదుగాని చిన్నవాటి దగ్గర కుంచె పక్కకు పోయేది. తుడిచి, మళ్లీ వేసి, మళ్లీ తుడిచి, ఒకరోజు కుంచె కింద పెట్టి కూర్చుండిపోయారు. నేను పాపకు అన్నం పెడుతూ గుమ్మంలోంచి చూశాను.

"అమ్మాయ్, ఇలా వచ్చి ఇది పట్టుకో" అన్నారు, నావైపు తిరక్కుండానే.

అలా నాకు ఆ పని వచ్చింది. ఇంజను ముక్కలకు మామూలు రంగు నిలవదు, వేడికి పొక్కులొచ్చేస్తుంది. దీపపు మసి, వార్నీషు కలిపి నూరి, పల్చగా ఒక పూత వేయాలి. వేశాక దాన్ని కాల్చాలి. కుంపట్లో బొగ్గులు రాజేసి, ముక్కను ఇనప చువ్వకు వేలాడదీసి, పైన కిరసనాయిలు డబ్బా బోర్లించాలి. సాయంత్రానికి చల్లారాక తీస్తే గోటితో గీరినా ఊడని నలుపు. వీధి వీధంతా ఆ కమురు వాసన. ఇరుగుపొరుగులు మొదట్లో ముక్కులు మూసుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

కార్బొరేటరు దగ్గర ఆగిపోయాం. గుప్పెట్లో పట్టేంత ఇత్తడి ముక్క అది. గాలి, పెట్రోలు అందులో కలిసి ఇంజనుకు పోతాయని హుస్సేన్ గారు చెప్పారు. ఇత్తడికి రంగెందుకు, చింతపండుతో తోమితే చాలన్నారు. తోమాను. తోమినకొద్దీ లోపలి మచ్చలు బయటపడ్డాయి. కొల్లేటి బురద దాన్ని మశూచి మొహంలా తినేసింది. అలా ఇచ్చేస్తే ఎలా అని మావయ్యగారు ఒప్పుకోలేదు. వెండిరంగు వేద్దామన్నారు. రంగు బొట్టు లోపలికి పోతే బండి నడవదు కాబట్టి, కొవ్వొత్తి మైనం వేళ్ల మధ్య మెత్తగా చేసి, ఉన్న బెజ్జాలన్నిటికీ బిళ్లలు పెట్టాను. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో పూత మీద పూత వేశాను. మూడు రోజులు పట్టింది. అది ఆరి మెరుస్తుంటే చేతిలో పెట్టుకుని చూశాను. ఆయన పోయాక ఒక పూట ఏడవకుండా గడిచిందని అప్పుడు గమనించాను. సిగ్గేసింది.

పెట్రోలు ట్యాంకు చివరికి మిగిలింది. సంక్రాంతి వెళ్లిన శుక్రవారం దాన్ని నేనే తోముతున్నాను. హుస్సేన్ గారు చక్రానికి పుల్లలు బిగిస్తున్నారు. మావయ్యగారు వసారా మెట్టు మీద నలుపు నూరుతున్నారు. ట్యాంకు కింద చిన్న కుళాయి ఉంది. దానికి మైనం ఎటువైపు పెట్టాలో తెలియక, ఇది తెరిచి ఉందా మూసి ఉందా అని హుస్సేన్ గారిని అడిగాను.

ఆయన వంగి చూశారు. బురద పెచ్చు వేలితో రాల్చి, మళ్లీ చూశారు.

"మూసి ఉందమ్మా. మీరేమైనా తిప్పారా?"

తిప్పలేదన్నాను. మావయ్యగారు కూడా తాను ముట్టుకోలేదన్నారు. అది ఎవరూ తిప్పగలిగేలా లేదు, చిలుము పట్టి బిగుసుకుపోయి ఉంది. హుస్సేన్ గారు చక్రం పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నారు.

"బండి వచ్చిన రోజున స్టాండు కూడా దించి ఉందండి. పైకి లాగిన వాళ్లు దించారేమో అనుకున్నాను" అన్నారు మావయ్యగారితో. ఆపైన నిదానంగా చెప్పారు. నడుస్తున్న బండికి ఆ కుళాయి మూసి ఉండదట. మూస్తే కాస్త దూరం పోయి ఆగిపోతుందట. కాసేపు నిలపాలన్నా ఎవరూ మూయరట. బండిని వదిలి చాలాసేపు వెళ్లాల్సి వస్తేనే, కార్బొరేటరులోంచి పెట్రోలు కారిపోకుండా మూస్తారు. "ఆ అలవాటు నేనే చేశానండి అబ్బాయిగారికి."

మావయ్యగారి చేతిలో నూరుడు రాయి ఆగింది. "అయితే వాడు పడిపోలేదు" అన్నారు.

"పడలేదండి. దిగారు."

వంటింటి తలుపు చాటున అత్తయ్య గాజులు కదిలాయి. నేను ట్యాంకు తోమడం ఆపలేదు. అప్పటికి నాకేమీ అర్థం కాలేదు, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

ఫిబ్రవరిలో మావయ్యగారూ నేనూ కొల్లేటికి వెళ్లాం. ఒంటరిగా పంపడానికి అత్తయ్య ఒప్పుకోలేదు, ఆయన కళ్లు తిరిగి పడుతున్నారని. గట్టు దాకా ఎడ్లబండిలో వెళ్లాం. గండి పూడ్చిన చోట మట్టి ఇంకా ఎర్రగా ఉంది. అక్కడ దోనె ఎక్కాం. నీళ్లు తగ్గి ఎటు చూసినా గడ్డి, పిట్టలు. దోనె తోసే కుర్రవాడు ఎక్కడికండీ అంటే, అక్టోబరు వానలో కాన్పయిన మనిషి ఉన్న లంక అని చెప్పారు మావయ్యగారు. వాడు మావైపు ఒకసారి చూసి తోశాడు.

లంక వాళ్లకు మేమెవరమో తెలిసిపోయింది. దోనె దిగుతుంటేనే జనం గుమిగూడి, దూరంగా నిలబడ్డారు. ముప్పై ఏళ్ల మనిషి ఒకతను ముందుకొచ్చాడు. పేరు నాంచారయ్య. ఆరోజు ఆసుపత్రికి కబురు పంపింది అతనే. అతని పెళ్లాం పాపమ్మ గుడిసె గుమ్మంలో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. బలంగా ఉంది మనిషి. బిడ్డ కూడా.

మావయ్యగారు తాను ఎవరి మీదా ఫిర్యాదుకు రాలేదని, జరిగింది తెలుసుకుందామని మాత్రమే వచ్చానని చెప్పి, వాళ్లు వేసిన చాప మీద కూర్చున్నారు. నాంచారయ్య కూర్చోలేదు.

"గట్టు మీద లాంతరు కనపడిందండి. అప్పటికి పొద్దు గూకుతోంది" అన్నాడు. "దోనె తెమ్మని కేకేశారండి. ఆ గాలికి ఎవరూ తీసుకెళ్లలేదండి. నేనూ తీసుకెళ్లలేదు."

అప్పటికే పాపమ్మకు కాన్పయిపోయిందట. కబురు తీసుకుని మనిషి వెళ్లిన కాసేపటికే లంకలోని ముసలమ్మ చేతుల్లో బిడ్డ పడిందట, రక్తమూ ఆగిందట. రావద్దు, వెళ్లిపొమ్మని ఒడ్డున నిలబడి అందరూ కేకలు పెట్టారట. గాలి ఎదురుగా ఉంది. ఆయనకు అవి రమ్మని పిలిచే కేకల్లా వినపడ్డాయేమో. గట్టు నుంచి లంకకు అది ఎండాకాలంలో మనుషులు నడిచి దాటే దారే. మామూలు వానల్లో అయితే ఛాతీ లోతు. ఆయనకు తెలుసు.

"చాలాసేపు నిలబడ్డారండి" అన్నాడు నాంచారయ్య. "లాంతరు అటూ ఇటూ తిరిగింది. ఒకసారి ఊరివైపు వెళ్లింది కూడా. వెళ్లిపోయారులే అనుకున్నాం. మళ్లీ వచ్చిందండి. వచ్చి, నీళ్లలోకి దిగింది. పెట్టె నెత్తిన పెట్టుకున్నట్టున్నారు. సగం దాకా లాంతరు కనపడింది."

ఆ తర్వాత ఎప్పుడో రాత్రి గట్టు తెగి, నిలబెట్టిన బండిని వరద తీసుకుపోయింది. దోనె తీసుకెళ్లనందుకు పోలీసులు తమను పట్టుకుంటారని భయపడి, ఎవరడిగినా మాకు తెలియదని చెప్పారట. కాళ్లకు ఇనుము తగిలినప్పుడు కబురు పంపింది కూడా నాంచారయ్యేనట.

మావయ్యగారు ఏడ్చారు. ఏడుస్తూనే లేచి నాంచారయ్య భుజం పట్టుకున్నారు. నా కొడుకు తాగుబోతు కాదు, తొందర మనిషి కాదు, పిలిస్తే వెళ్లాడు అని పదే పదే అన్నారు. అక్కడే నేల మీద మోకరించి ప్రార్థన చేశారు. లంక వాళ్లంతా తలలు వంచుకుని నిలబడ్డారు. పాపమ్మ నా దగ్గరికి వచ్చి బిడ్డను నా చేతికివ్వబోయింది. నా చేతులకు రంగుందమ్మా అన్నాను. రంగు ఆరి అప్పటికి నాలుగు రోజులైంది.

తిరుగు ప్రయాణంలో మావయ్యగారు చిన్నపిల్లాడిలా మాట్లాడుతూనే ఉన్నారు. నాకు లాంతరు ఒక్కటే కనపడుతోంది. ఊరివైపు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చిన లాంతరు. అంటే ఆయన ఆగారు. ఆలోచించారు. ఇంటివైపు నాలుగడుగులు వేశారు కూడా. అప్పుడు పాప జ్వరం గుర్తొచ్చే ఉంటుంది. చీకటి పడేలోగా వస్తానన్న మాటా గుర్తొచ్చే ఉంటుంది. అన్నీ గుర్తొచ్చాకే వెనక్కి తిరిగారు. బండికి పెట్రోలు కారిపోకుండా కుళాయి మూశారు. నేను ఇన్నాళ్లూ పడుకోబోయే ముందు చెప్పుకున్న ముక్కల్లో ఒక్కటీ మిగల్లేదు.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు మా ఆయన పేరు ఎత్తి చెప్పారు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం గురించి వాక్యం చదివారు. గుడంతా కళ్లొత్తుకుంది. సంఘపెద్దలు వచ్చి మావయ్యగారి చెయ్యి పట్టుకుని ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టి, ఎంత ధన్యురాలివమ్మా అన్నారు. నేను తలూపాను. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుంటే లోపల ఏదో రగిలిపోతోంది. అది దుఃఖం కాదు. ఆయన మీద కోపం. చచ్చిపోయిన మనిషి మీద, ఊరంతా మెచ్చుకుంటున్న మనిషి మీద, అంత కోపం నాకు. దాన్ని ఎవరితో చెప్పుకోను?

అత్తయ్య చేపలు తోముతున్నారు. ఆవిడ గుళ్లో కూడా ఏడవలేదు.

"పడిపోయాడని అనుకున్నన్నాళ్లూ బాగుంది" అన్నారు, తల ఎత్తకుండా. "జారిపడ్డ బిడ్డను తల్లి ఏమీ అనదు. వీడు మనల్ని తలుచుకుని కూడా దిగాడమ్మా."

నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ ముందున్న కత్తిపీట ఇటు జరుపుకుని నేను తోమడం మొదలుపెట్టాను. మా ఇద్దరికీ ఒకటే కోపమని ఆరోజు తెలిసింది. ఆ సంగతి మావయ్యగారికి మేమెప్పుడూ తెలియనివ్వలేదు. ఆయన బతికినన్నాళ్లూ కొడుకు కథ వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. మేం వింటూ ఉండేవాళ్లం.

ఈస్టరుకు ముందు బండి తయారైంది. హుస్సేన్ గారు బిగించి కిక్కు కొడితే కాస్త సతాయించి అందుకుంది. వాడ వాడంతా వచ్చి చూసింది. నల్లగా, నున్నగా ఉంది. మధ్యలో కార్బొరేటరు వెండి గిన్నెలా ఉంది. మావయ్యగారు తెల్ల పంచె కట్టుకుని, బండి పక్కనే నడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లి అప్పజెప్పారు. దొరసానిగారు దాని మీద చెయ్యి వేసి నిమిరారట. కొత్త కాంపౌండరు విశ్వాసం అనే అబ్బాయి దాన్ని మూడేళ్లు నడిపాడు. మా వీధి మీదుగా వెళ్లేటప్పుడు చప్పుడు కాకుండా ఇంజను ఆపి, దిగి నడిపించుకుపోయేవాడు. పెద్దమనసు ఆ అబ్బాయిది. ఒకరోజు ఆపి, ఇకనుంచి తోలుకునే వెళ్లు బాబూ అన్నాను.

ఆ బండి చూసినవాళ్లు పని తెచ్చారు. మొదట ఒక రాజుగారి మోటారు సైకిలు, తర్వాత తాడేపల్లిగూడెం బస్సుల వాళ్ల ఇంజను ముక్కలు. మావయ్యగారు పోయాక నేనే చేశాను. మా వసారాలో ఏదో ఒక బండి ముక్కలు ఎప్పుడూ ఆరుతూ ఉండేవి. అత్తయ్య బొగ్గులు రాజేసేవారు. ఆ పని మీదే సుశీల చదువుకుని టీచరైంది.

పాపమ్మ ఆ వేసవిలోనే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది, ఎండుచేపల బుట్టతో, చంకలో బిడ్డతో. గుమ్మం బయటే కూర్చుంది. అత్తయ్య లోపలికి పిలిచి అన్నం పెట్టారు. ఆ తర్వాత ఏటా వచ్చేది. పిల్లాడు మొదట చంకలో, తర్వాత చెయ్యి పట్టుకుని, తర్వాత బుట్ట తానే మోసుకుంటూ వచ్చాడు. వచ్చినప్పుడల్లా నేను పీట వేశాను, అన్నం పెట్టాను, వాడికి చొక్కా గుడ్డ ఇచ్చాను. చదువుకుంటున్నావా అని కూడా అడిగాను. యోబు అని వినాల్సొస్తుందేమోనని పేరు మాత్రం అడగలేదు.

పాపమ్మ కూడా చెప్పలేదు. మా ఇంట్లో ఉన్నంతసేపూ వాణ్ణి 'అబ్బాయ్' అనే పిలిచేది. వీధి మలుపు తిరిగాక ఏమని పిలిచేదో, నేను గుమ్మంలో నిలబడి ఎప్పుడూ వినలేదు.